నాన్న చెరిపిన చుక్కలు

పోర్ట్ బ్లెయిర్‌లోని మా బతు బస్తీలో మా నాన్న నారాయణమూర్తికి రెండు విషయాల్లో పేరుంది. ఎవరింట్లో వేడుక జరిగినా ఫోటోలు తీసి, కంప్యూటర్లో పెట్టి, తేదీల ప్రకారం సర్ది, రెండు మూడు చోట్ల నకళ్ళు దాస్తాడు. ఎవరి ఫోటో పోయినా ఆయన దగ్గర దొరుకుతుంది. రెండోది, ఎంత బతిమాలినా ఫోటోలో మొహం మీద చెయ్యి వెయ్యడు. చీకటిగా వస్తే వెలుతురు పెంచుతాడు. వంకరగా వస్తే సరిచేస్తాడు. పక్కన చెత్తకుండీ పడితే కత్తిరిస్తాడు. మొహం జోలికి మాత్రం పోడు.

పక్కింటి కామమ్మ పిన్ని తన కూతురు అపర్ణ పెళ్ళి ఫోటోలు చూడటానికి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. పెళ్ళికూతురి గడ్డం మీద సరిగ్గా ముహూర్తం నాటికి మొటిమ లేచింది.

"బావగారూ, ఆ ఒక్కటీ తుడిచేయండి బాబూ. ఒక్క నొక్కు నొక్కితే పోద్ది కదా" అంది పిన్ని.

"నాకు రాదమ్మా" అన్నాడు నాన్న.

"రాదా! ఇన్నేళ్ళబట్టీ ఆ పెట్టె ముందే కదా కూకుంటన్నారు? జంగ్లీఘాట్ స్టూడియోలో అయితే నల్లగున్నోళ్ళని తెల్లగా చేసేస్తన్నారు."

"అయితే అక్కడికే పట్టుకెళ్ళు. పెన్‌డ్రైవ్‌లో వేసిస్తాను."

"అరె, నారాజ్ అవకండి బావగారూ! మొటిమ నాది కాదు, మీది కాదు, మధ్యన మనకెందుకు కోపం?"

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నా చెవిలో అంది: "మీ నాన్నకి మచ్చ తియ్యడం రాదే సుచీ. చెప్పుకోడానికి సిగ్గు పడతన్నాడు."

సిగ్గు సంగతి ఆవిడ సరిగ్గానే పట్టుకుంది. కారణమే వేరు. అది నాకు తెలిసేసరికి నాకొక కూతురు పుట్టింది. నాన్న ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్నది ఒక్క ఫోటో కోసం. ఇది హిమబిందుది అని అనుమానం లేకుండా చెప్పగలిగే ఒక్క ఫోటో. హిమబిందు నా కవల అక్క. మాకు మూడేళ్ళప్పుడు సునామీలో పోయింది.

ఆ రోజులు నాకు గుర్తు లేవు. అమ్మా, వీరన్న మామయ్యా చెప్పినవి, చివరికి నాన్న చెప్పినవి కలిపి రాస్తున్నాను.

మేమిద్దరం అచ్చు ఒక్కలాగే ఉండేవాళ్ళం. అమ్మ ఒకే తాను ముక్క కొని రెండు గౌన్లు కుట్టించేది. జుట్టు ఒకేలా కత్తిరించేది. నడుస్తుంటే, ఏడుస్తుంటే తను ఇట్టే చెప్పేసేదట. కదలకుండా పడుకుంటే తనకీ కష్టమేనట. అందుకని రోజూ స్నానం చేయించాక దిష్టి చుక్క వేరువేరు బుగ్గల మీద పెట్టేది. బిందుకి ఎడమ బుగ్గ. నాకు కుడి బుగ్గ. చుక్క కూడా చిన్నది కాదు, వేలి కొసంత. ఇరుగుపొరుగు కూడా ఆ చుక్క చూసే పేరు పిలిచేవాళ్ళు. చుక్క చెరిగిపోయిన రోజున ఒకే పిల్లకి రెండుసార్లు అన్నం పెట్టి రెండోదాన్ని పస్తు ఉంచిన కథ మామయ్య ఇప్పటికీ నవ్వుతూ చెప్తాడు.

నాన్న అప్పట్లో ఒక ఆఫీసులో క్లర్కు. మా వీధిలో మొదటి డిజిటల్ కెమెరా, మొదటి కంప్యూటర్ ఆయనవే. రెండూ చెన్నై నుంచి ఓడలో వచ్చాయి. ఇక్కడి తేమకి ఏదైనా బూజు పడుతుంది కాబట్టి కెమెరానీ సీడీలనీ ఒక బీరువాలో పెట్టి, లోపల చిన్న బల్బు ఎప్పుడూ వెలుగుతూ ఉండేలా చేశాడు. అమ్మ పట్టుచీరలు కూడా అందులో పెట్టమంటే ఒప్పుకోలేదట.

సునామీ వచ్చిన ఆ డిసెంబర్లో మా ఫోటోలు కొన్ని పెద్దవిగా వేయించి నేరుగా ఆఫీసుకి తీసుకెళ్ళి చూపించాడు. అందరూ బాగున్నాయన్నారు. జితేంద్ర అనే ఆయన మాత్రం ఫోటో దగ్గరగా పెట్టుకుని, "మూర్తి భయ్యా, బచ్చీ కే గాల్ పే మక్ఖీ బైఠీ హై క్యా?" అన్నాడు. పిల్ల బుగ్గ మీద ఈగ వాలిందా అని. ఇంకో ఫోటో తీసి, "అరె, ఇస్ పే భీ!" అన్నాడు, దీని మీదా అని. గదంతా నవ్వింది. ఆ సాయంత్రం వరకూ ఎవరు ఎదురైనా చేత్తో ఈగని తోలినట్టు తోలి పోయారట.

అదే వారం అమ్మ మా ఇద్దరినీ తీసుకుని ఓడలో ఇంకో దీవి మీదున్న హట్ బే వెళ్ళింది. అక్కడ జెట్టీకి దగ్గరలో మామయ్యకి కిరాణా దుకాణం ఉండేది. నాన్నకి సెలవు దొరకలేదు. ఇంట్లో ఒక్కడే. కంప్యూటర్లో ఫోటోలు దిద్దే ప్రోగ్రాం ఒకటి వేయించుకుని నేర్చుకున్నాడు. మచ్చ పక్కన ఉన్న మంచి చర్మాన్ని తీసుకుని మచ్చ మీద అతికించే పద్ధతి. మేం తిరిగొచ్చేసరికి ఫోటోలన్నీ మెరిసిపోవాలని, సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కటే తెరిచి, మా బుగ్గల మీద చుక్కలన్నీ తీసేశాడు. తీసి, అదే పేరుతో దాచాడు. డిస్కులో చోటు తక్కువ. బాగైన ఫోటో ఉండగా బాగులేనిది కూడా ఎందుకు అనుకున్నాడు. తర్వాత పాత సీడీలు పారేసి, కొత్తగా రాసిన సీడీ బీరువాలో పెట్టాడు. కెమెరాలోని కార్డు ఖాళీ చేశాడు. ఆఫీసులో చూపించిన కాగితం ఫోటోలు, మంచివి మళ్ళీ వేయించొచ్చని, చింపేశాడు. ఏ పనిలోనూ లోటు లేదు. ఒక్క ఫోటోలోనూ చుక్క మిగల్లేదు.

ఆదివారం పొద్దున్నే భూమి ఊగింది.

హట్ బేలో ఏం జరిగిందో అమ్మ చెప్పేది కొంతే. జెట్టీ వైపు నుంచి జనం పరిగెత్తుకొస్తున్నారు. మామయ్య భుజం మీద నేను, అమ్మ చేతుల్లో బిందు. మిట్ట వైపు పరుగు. అమ్మ ఇంతవరకూ చెప్పి, "నీళ్ళు వెనకనించి..." అని ఆపేస్తుంది. ఆ తర్వాతి మాట ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. బిందు దొరకలేదు.

అమ్మ పోర్ట్ బ్లెయిర్ తిరిగొచ్చాక, కొన్ని నెలలకి, మామయ్య ఫోటో కట్టించే మాట ఎత్తాడు. "బావా, ఇంట్లో పిల్ల బొమ్మ ఒకటి ఉండాలి కదా. మంచిది చూసి తియ్యి" అన్నాడు. నాన్న కంప్యూటర్ తెరిచాడు. ఒక ఫోల్డర్ నిండా ఒకే ముఖం. పసుపు గౌను, ఉయ్యాల, అరుగు మీద గిన్నె. ఏది బిందు? వెనక మామయ్య నిలబడ్డాడు. పక్కన అమ్మ. నాన్న పసుపు గౌను ఫోటో మీద వేలు పెట్టి, "ఇదిగో, ఇది బిందు" అన్నాడు. అమ్మ చాలాసేపు చూసి "సరే" అంది.

ఆ ఫోటో ముందుగదిలో గోడకెక్కింది. అమ్మ దాన్ని రోజూ తుడుస్తుంది. దండ మాత్రం వెయ్యలేదు. దీపం పెట్టలేదు. ఒకసారి మామయ్య మల్లెదండ తెస్తే, తీసుకెళ్ళి దేవుడి పటానికి వేసేసింది. పిల్ల ఎక్కడో బతికి ఉందని ఇంకా ఆశ పడుతోందని వీధిలో అందరూ జాలిపడేవాళ్ళు. నేనూ అదే అనుకుని పెరిగాను.

నాన్న మాత్రం ఆ తర్వాత మనిషే మారిపోయాడట. హట్ బే నుంచి, కార్ నికోబార్ నుంచి వచ్చినవాళ్ళు ఆల్బములన్నీ పోగొట్టుకున్నారు. తను తీసిన ఫోటోల్లో వాళ్ళ మనుషులు ఎక్కడున్నా వెతికి ఇచ్చేవాడు. ఫోటోలు మిగిలిన వాళ్ళ దగ్గరికి వెళ్ళి, "ఒక్కచోటే ఉంచకండి, నాకివ్వండి, కంప్యూటర్లో ఎక్కించి ఇస్తాను" అనేవాడు. వైజాగ్ ఓడ ఎక్కేవాళ్ళెవరు కనపడినా చేతిలో మా ఫోటోల సీడీ ఒకటి పెట్టేవాడు: "మా చెల్లెలు పెందుర్తిలో ఉంటుంది, కాస్త అందించండి బాబూ." ఎవరైనా దండం పెడితే తల వంచుకుని అక్కణ్ణించి వెళ్ళిపోయేవాడు. ఎంత వినయమో అనుకునేవాళ్ళు. ఆయన వాళ్ళ ఆల్బముల్లో వెతుకుతున్నాడని ఎవరికీ తెలీదు. ఏ పుట్టినరోజు ఫోటోలోనో, ఏ పెళ్ళి భోజనాల వరసలోనో, ఒక మూల మేం ఉంటామని. చుక్కతో. దొరికిందల్లా అమ్మ వీపు మీద వాలి నిద్రపోతున్న ఒక పిల్ల. ముఖం అటువైపు.

చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని పాత ఫోటోలు చూస్తూ అడిగేదాన్ని. "ఇందులో ఉన్నది నేనా, అక్కా?" నాన్న వెంటనే చెప్పేవాడు. ఒక్క క్షణం ఆలోచించేవాడు కాదు. గిన్నెతో ఉన్న ఫోటో చూపిస్తే ఒకసారి "నువ్వే" అన్నాడు. కొంత పెద్దయ్యాక మళ్ళీ అడిగితే "బిందు" అన్నాడు. మరచిపోయాడనుకున్నాను.

ఇప్పుడు నేను ఊళ్ళోనే డైరీ ఫార్మ్ అనే పేటలో ఉంటున్నాను. ఇక్కడి కాలేజీలోనే ఫిజిక్స్ చదివాను. మా పాప ఈమధ్యే కూర్చోవడం నేర్చింది. నాకు అన్నిటికీ భయమే. అది నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వర్షం ఎక్కువైతే నిద్ర పట్టదు. పాపని ఎత్తుకునేకంటే ఫోటో తీసేదే ఎక్కువ అని మా ఆయన పూర్ణచంద్ర వెక్కిరిస్తాడు. ఫోను నిండిపోతుంది. నిండితే ఎక్కడ పోతాయోనని అదో భయం. అందుకే కొత్త హార్డ్‌డిస్క్ ఒకటి కొని, ఒక మధ్యాహ్నం పాపని తీసుకుని నాన్న దగ్గరికి వెళ్ళాను. ఫోటోలు సర్దుకోడానికి మంచి ప్రోగ్రాం కూడా ఒకటి ఆయన కంప్యూటర్లో వేశాను.

పాప మంచం మీద నిద్రపోయింది. అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఫోన్లోంచి ఫోటోలు ఎక్కుతున్నాయి. నాన్న ఒకటి తెరిచి, కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఇది ఇందాక ఇక్కడ తీసిందేనా? మీ అమ్మ పాపకి చుక్క పెట్టలేదేటి?"

"పెట్టింది కదా నాన్నా. చూడు."

మంచం మీద పాప బుగ్గకి కాటుక చుక్క నల్లగా ఉంది. తెర మీద అదే బుగ్గ నున్నగా, పాలమీగడలా ఉంది. నాన్న ఇంకోటి తెరిచాడు. అందులోనూ లేదు.

"ఓహ్, ఫోనే తీసేస్తుంది నాన్నా. ముఖం నున్నగా కనబడాలని. కొన్నప్పటి నుంచీ ఆన్‌లోనే ఉన్నట్టుంది, నేను చూసుకోలేదు."

నాన్న మౌస్ మీది చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆపెయ్."

"ఆపేస్తాలే, ముందు ఇవి ఎక్కనీ..."

"ఇప్పుడే ఆపెయ్ సుచీ!" అన్నాడు గట్టిగా. పాప ఉలిక్కిపడింది. దాన్ని జోకొట్టి తిరిగి చూస్తే నాన్న తెర వైపు కాదు, నేల వైపు చూస్తున్నాడు. అలాగే నేలతోనే మాట్లాడాడు. జితేంద్ర గారి ఈగ, సాయంత్రాలు, చోటు చాలని డిస్కు, అన్నీ.

"మరి గోడ మీదది?" అన్నాను.

"తెలీదమ్మా."

"నువ్వు చెప్పావు కదా, అది బిందు అని!"

"వాళ్ళు నన్నే చూస్తున్నారు. కన్నతండ్రిని, తెలీదని ఎలా చెప్పను? ఏదో ఒకటి చూపించాను. అప్పట్నించి నువ్వు అడిగిన ప్రతిసారీ అలాగే..."

ఆయన ముఖం చూడటానికి నాకే సిగ్గేసింది. చేతికి పని ఉంటే బాగుండుననిపించి, పాత ఫోల్డర్ కూడా కొత్త డిస్కులోకి వేద్దామని తెరిచాను. చిన్నచిన్న బొమ్మలు వరసగా వచ్చాయి. ఉయ్యాల ఫోటో మీద ఏదో మరక. చున్నీతో తెర తుడిచాను. పోలేదు. మళ్ళీ తుడిచాను. పక్క ఫోటో మీద కూడా ఉంది.

మరక కాదు. చుక్క.

ఫోటో పెద్దగా తెరిచాను. బుగ్గ శుభ్రంగా ఉంది. మూశాను. చిన్న బొమ్మలో చుక్క ఉంది.

నాన్నని పిలవకముందే నాకు అర్థమైంది. కెమెరా ఫోటో తీసినప్పుడే దాని స్టాంపంత నకలు ఒకటి అదే ఫైల్లో లోపల పెడుతుంది, వరసలో త్వరగా చూపించడానికి. నాన్న వాడిన పాత ప్రోగ్రాం పెద్ద బొమ్మనే మార్చింది. లోపలి చిన్నదాన్ని ముట్టుకోలేదు. ఇన్నాళ్ళూ ఆయన చూస్తున్న వరసలు పెద్ద బొమ్మ నుంచి తయారైనవి. నేను వేసిన కొత్త ప్రోగ్రాం లోపలి నకలునే చూపిస్తోంది.

ఇదంతా చెప్పాను. ఆయన విన్నాడో లేదో. "ఇందులోనే ఉన్నాయా?" అన్నాడు. "ఓడల మీద అందరి చేతా పంపించాను కదే. అందులోనే ఉన్నాయా?"

పసుపు గౌను ఫోటో కోసం కిందికి వెళ్ళాం. చిన్న బొమ్మలో చుక్క పిల్లకి కుడి బుగ్గ మీద ఉంది.

అది నేను.

ఇన్నేళ్ళు ఆ ఫోటో కింద కూర్చుని అన్నం తిన్నాను. పరీక్షలకి వెళ్తూ దానికి దండం పెట్టుకున్నాను. బిందు అక్కా, చల్లగా చూడు అని.

గిన్నెతో ఉన్నదానికి చుక్క ఎడమ బుగ్గ మీద ఉంది. నాన్న దాని మీద వేలు పెట్టబోయి, గాలిలోనే ఆపాడు. తర్వాత ఒక్కసారిగా తొందరపడ్డాడు.

"మీ అమ్మకి చెప్పకు. ఫ్రేము చెద పట్టిందని దింపేస్తాను. దీన్ని వేయించి పెట్టేస్తాను. ఇద్దరిదీ ఒకటే ముఖం, తెలీదు."

"మళ్ళీనా నాన్నా?" అన్నాను.

అంత మెల్లగా అన్నా ఆయనకి దెబ్బలా తగిలింది. అప్పుడే అమ్మ ఖాళీ బకెట్‌తో లోపలికొచ్చింది.

"ఏటే, తండ్రీకూతుళ్ళు అలా ఉన్నారు? పాప లేచిందా?"

చెప్పవలసింది నేను కాదు. నాన్న లేచి నిలబడ్డాడు.

"ప్రమీలా, గోడ మీది ఫోటో బిందుది కాదు."

అమ్మ బకెట్ కింద పెట్టింది. నాన్న అంతా చెప్పాడు. ఈసారి నేల వైపు చూడకుండా ఉండటానికి కష్టపడ్డాడు గానీ, చాలావరకు నేల వైపే చూశాడు. చుక్కలు తీసేసిన సంగతి దగ్గర అమ్మ ఆపింది.

"మీరు చెరిపారా? కెమెరాలో పడలేదేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ. నేను రోజూ పెట్టినవి!"

"తప్పే."

"ఈగలన్నారని చెరిపేశారా?"

అమ్మ మంచం అంచున కూలబడింది. మాట్లాడింది కోపంగా కాదు, అలిసిపోయినట్టు.

"దండ ఎందుకు వెయ్యలేదనుకున్నారు? నాకూ తెలీలేదండీ. బతికున్న పిల్లకి వేసేస్తానేమోనని భయం. కన్నతల్లిని, పోల్చుకోలేకపోయానని ఎవరితో చెప్పుకోను? మీరు టక్కుమని వేలు పెట్టి చూపించేశారు. తండ్రికి తెలిసింది, నాకు తెలీలేదే, నేనేం తల్లిని అనుకుని నోరు మూసుకున్నాను. మీరు ఒక్కసారి తెలీదని ఉంటే..."

ఆ మాట దగ్గర నాన్న ముఖం రెండు చేతులతో కప్పుకున్నాడు. ఇద్దరూ ఒకే గోడ కింద, ఒకే సిగ్గు ఒకరికి తెలియకుండా ఒకరు మోశారు. ముందుగా మోయించింది మాత్రం ఆయనే. అది ఆయనకీ తెలుసు.

ఎవరూ ఎవర్నీ ఓదార్చలేదు. నేను గిన్నె ఫోటోని ప్రింటర్లో వేశాను. పెద్ద బొమ్మే. బుగ్గ శుభ్రంగా ఉంది. బిందు గిన్నె నోటికి ఆనించుకుని, అంచు మీదుగా చూస్తోంది. అమ్మ లోపలికి వెళ్ళి పాప కాటుక డబ్బీ తెచ్చింది. కాగితాన్ని బల్ల మీద పరిచి, ఉంగరం వేలు కాటుకలో ముంచింది. ముంచి, ఆగింది.

"ఏ పక్క?" అంది, నన్ను కాదు, నాన్నని. "సరిగ్గా చూసి చెప్పండి."

నేను నోరు తెరవబోయి మానేశాను. నాన్న కళ్ళజోడు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. చిన్న బొమ్మని పెంచాడు. పెంచితే గళ్ళు గళ్ళుగా చెదిరింది. కొంచెం తగ్గించాడు. తెరకి దగ్గరగా వంగాడు. తన బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని, పిల్ల వైపు చూసి, మళ్ళీ చెయ్యి మార్చుకున్నాడు. ఈ ఫోటోల గురించి నేను ఏది అడిగినా అడిగిన వెంటనే చెప్పిన మనిషి, అంతసేపు తీసుకోవడం మొదటిసారి చూశాను.

"ఎడమ" అన్నాడు. "మనకి కాదు. పిల్లకి ఎడమ."

అమ్మ చుక్క పెట్టింది. వేలి కొసంత. నిగనిగలాడే ఆ కాగితం మీద కాటుక కొంచెం జారి, తోక వచ్చింది. నాన్న చూడటానికి దగ్గరకొచ్చాడు.

"ఆరనివ్వండి" అంది అమ్మ. "ముట్టుకోకండి."

నాన్న రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.